380 అడుగుల బోరు 25 నిమిషాలకే గాలి కొడుతోంది: 900 అడుగులకు దింపాలా, ఇంకేదైనా దారి ఉందా?

ఎర్రనేల_కదిరి (ప్రశ్న)

వివరాలు ఇవీ. కదిరి – ముదిగుబ్బ మధ్య ఎర్రనేల. నాలుగైదు అడుగుల మట్టి, దాని కింద గరుసు (చివికిన రాయి), సుమారు 45 అడుగుల నుంచి బండ. బోరు ఆరున్నర ఇంచుల సైజు, లోతు 380 అడుగులు, కేసింగ్ (గోడ కూలకుండా దించే పైపు) 50 అడుగులు. వేసినప్పుడు బోరు బండివాళ్ళు 3 ఇంచుల నీళ్ళని రాసిచ్చారు. 7.5 హెచ్‌పీ మోటారు 340 అడుగుల దగ్గర ఉంది. ఇప్పుడు ఆన్ చేయగానే 2 ఇంచుల దాకా పోస్తుంది, 25 నిమిషాలకు గాలి కొట్టి ఆగిపోతుంది. గంటన్నర ఆగి వేస్తే మళ్ళీ కాసేపు వస్తుంది. ఇది డిసెంబరు పరిస్థితి. ఎండాకాలం ఇంకా రాలేదు.

భూమి 5 ఎకరాలు. 2 ఎకరాల్లో చీనీ (బత్తాయి), 220 చెట్లు, 9 ఏళ్ళవి, డ్రిప్ ఉంది. రబీకి ఒక ఎకరం వరి, ఒకటిన్నర ఎకరం సెనక్కాయ (వేరుశనగ) వేసే ఆలోచన. 200 మీటర్ల లోపు పక్క రైతులవి 4 బోర్లు నడుస్తున్నాయి. పొలం దిగువ మూలలో ఎండిపోయిన పాత బోరు ఒకటి ఉంది, 260 అడుగులు.

అడిగేది మూడు విషయాలు. ఇదే బోరును 900 అడుగులకు దింపితే లాభమా? పాత బోరులోకి వాననీళ్ళు మళ్ళిస్తే పనిచేసే బోరుకు ఊట పెరుగుతుందా? రబీ పంట వేయొచ్చా?

బండకింద_బావి

మూడో ప్రశ్నకు జవాబు ముందు: వరి వద్దు, సెనక్కాయ కూడా అనుమానమే. ఎందుకో లెక్క కింద రాస్తాను, మీరే సరిచూసుకోండి.

ముందు బోరు గొట్టం సంగతి. ఆరున్నర ఇంచుల బోరులో అడుగుకు సుమారు 6.5 లీటర్ల నీళ్ళు నిలుస్తాయి. మీ నీటి మట్టం ఉదయం 200 అడుగుల దగ్గర ఉందనుకుందాం. మోటారు 340 దగ్గర. మధ్యలో 140 అడుగులు, అంటే 900 లీటర్లు. 2 ఇంచుల ధార గంటకు 2,900 లీటర్ల చిల్లర తీసుకుపోతుంది. మీరు 25 నిమిషాల్లో తోడేది దాదాపు 1,200 లీటర్లు. అందులో 900 రాత్రంతా గొట్టంలో చేరినవే. కొత్తగా బండలోంచి వచ్చింది 300 మాత్రమే. మీ బోరు ప్రస్తుతానికి 900 లీటర్ల తొట్టి, దానికి సన్నటి ఊట. గాలి కొట్టడం బోరు జబ్బు కాదు, మోటారు ఊటను మించి లాగుతోందని చెప్పే గుర్తు.

ఇంచుల లెక్కలో కూడా ఒక తిరకాసు ఉంది. బండివాళ్ళు కొలిచేది వి ఆకారం గాడి ఉన్న పెట్టెతో. ఆ గాడిలో నీళ్ళు ఎన్ని ఇంచుల ఎత్తున పారితే అన్ని ఇంచులు అంటారు. 1 ఇంచు అంటే గంటకు 500 లీటర్లు. 2 ఇంచులు అంటే వెయ్యి కాదు, 2,900. 3 ఇంచులు సుమారు 8,000. ఇంచు పెరిగేకొద్దీ నీళ్ళు ఎన్నో రెట్లు పెరుగుతాయి. కాబట్టి 3 నుంచి 2కు పడిపోవడమంటే మూడో వంతు పోయినట్టు కాదు, మూడింట రెండొంతులు పోయినట్టు. పైగా మీ 2 ఇంచులు కూడా నిలకడైన ధార కాదు.

ఇప్పుడు దింపే సంగతి. 380 నుంచి 900 దాకా 520 అడుగులు దింపితే గొట్టంలో అదనంగా నిలిచేది 3,400 లీటర్లు. ట్యాంకరుకు కూడా చాలదు. ఆ లోతులో నీళ్ళున్న పగులు తగిలితేనే ప్రయోజనం. మన గ్రానైటులో నీళ్ళు దాచుకునేది పైనున్న గరుసు. కింద బండలో పగుళ్ళు ఉంటాయి గాని అవి ఆ నీళ్ళను అటూ ఇటూ చేరవేసే సందులే తప్ప నిలవ చేసే చోటు కాదు. లోతుకు పోయేకొద్దీ పైనున్న బరువుకు సందులు మూసుకుపోతాయి. ఎక్కువ పగుళ్ళు 300 అడుగుల లోపే ఉంటాయి. 600 దాటాక తగలవని కాదు, తగిలే అవకాశం బాగా తక్కువ. తగిలినా అందులోకి నీళ్ళు రావలసింది పైనుంచే.

పంజాబ్‌లో వందల అడుగుల మందాన ఒండ్రు ఇసుక ఉంది. అక్కడ లోతుకు వెళ్తే ఖర్చు పెరుగుతుంది గాని నీళ్ళు దొరుకుతాయి. అక్కడి కథలు విని ఇక్కడ బండి పిలిపించకూడదు.

రిగ్గు_బాబాయ్

పై జవాబు పుస్తకం లెక్క. 850, 920 అడుగుల్లో నీళ్ళు పడ్డ బోర్లు ఇదే మండలంలో ఉన్నాయి. గ్యాపు (బండలో పగులు) తగిలితే 2 ఇంచులు గ్యారంటీ. చెట్లు ఎండిపోతుంటే లెక్కలు చూస్తూ కూర్చోలేం కదా.

బండకింద_బావి

పడ్డాయి, కాదనను. పడినవాటి గురించే ఊళ్ళో చెప్పుకుంటారు, నీళ్ళు పడక దుమ్ము లేచినవి ఎవరూ చెప్పరు. అరచేతిలో టెంకాయ పెట్టి నీళ్ళ చోటు చూడడం కూడా అంతే. నిలబడిన చోట నీళ్ళు పడితే టెంకాయ గొప్ప, పడకపోతే రైతు ఖర్మ.

సరే, పడిందనే అనుకుందాం. 900 అడుగులంటే 274 మీటర్లు. సెకనుకు 1 లీటరు, అంటే గంటకు 3,600 లీటర్లు అంత ఎత్తుకు తేవాలంటే మోటారు, పంపు రెండూ కలిసి 40 శాతం సామర్థ్యంతో పనిచేసినా 9 హెచ్‌పీ కావాలి. అంటే 10 హెచ్‌పీ మోటారు. అదే నీళ్ళకు 340 అడుగుల నుంచి మూడున్నర హెచ్‌పీ చాలు. అంత పొడవు వైరులో వోల్టేజీ పడిపోతుంది కాబట్టి వైరు లావు పెంచాలి, లేకపోతే ఊరి చివరి ట్రాన్స్‌ఫార్మర్ మీద మోటారు ఒక సీజను కూడా నిలవదు.

ఇంకో రెండు ప్రమాదాలు. పాత బోరు కొంచెం వంకర ఉన్నా హ్యామర్ (బండను కొట్టే పనిముట్టు) ఇరుక్కుంటుంది, ఇరుక్కుంటే ఉన్న బోరు కూడా పోతుంది. రెండోది చాలామందికి తెలియదు: కింద తగిలిన పగులు ఎండుదైతే, ఇప్పుడు పై పగుళ్ళలోంచి వస్తున్న కాస్త ఊట ఆ ఎండు పగులులోకి జారిపోతుంది. దింపాక ఉన్న నీళ్ళు కూడా పోయాయనే మాట వెనక చాలాసార్లు కారణం ఇదే.

అంత లోతు నీళ్ళను చీనీకి పెట్టేముందు పరీక్ష చేయించాలి. బండలో చాలాకాలం నిలిచిన నీళ్ళలో ఉప్పు, బైకార్బొనేటు, ఫ్లోరైడు ఎక్కువ ఉంటాయి. విద్యుత్ వాహకత, అంటే ఈసీ, మీటరుకు 1.5 డెసిసీమెన్స్ దాటితే చీనీ ఆకు అంచులు మాడతాయి. ఆర్‌ఎస్‌సీ (నీళ్ళలో మిగులు సోడియం కార్బొనేటు) లీటరుకు 2.5 మిల్లీ ఈక్వివలెంట్లు దాటితే నేల గట్టిపడి నీళ్ళు ఇంకవు. డ్రిప్పర్లలో తెల్లటి సున్నం కట్టడం కూడా అప్పుడే మొదలవుతుంది. ఇంటికి కూడా అవే నీళ్ళు వాడితే ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు.

మట్టం_కొలిచేవాడు

వాదన ఆపి ముందు కొలవండి. కావలసింది 400 అడుగుల సన్నటి రెండు తీగల వైరు, ఒక మల్టీమీటరు. వైరు చివర రెండు రాగి కొసలు అర ఇంచు ఎడంగా ఉండేలా తొడుగు ఒలిచి, పైన ఒక నట్టు బరువుగా కట్టండి. రెండు కొసలు ఒకదానికొకటి తగలకూడదు. ప్రతి 10 అడుగులకు రంగు టేపు చుట్టండి. కొస నీళ్ళకు తగలగానే మీటరు ముల్లు కదులుతుంది. మోటారు వైరుకు చుట్టుకోకుండా కేసింగ్ గోడ పక్కగా, మెల్లగా వదలాలి. పైపుల జాయింట్ల దగ్గర చిక్కుకుంటే గుంజవద్దు, కొంచెం వదిలి తిప్పండి. వీలైతే అర ఇంచు హెచ్‌డీపీఈ పైపు ఒకటి మోటారు దాకా శాశ్వతంగా దించి, అందులోంచి కొలవడం మంచిది.

ఉదయం మోటారు వేయకముందు మట్టం రాయండి. గాలి కొట్టేదాకా నడిపి ఆపండి. ఆపిన క్షణం నుంచి 10 నిమిషాలకోసారి అరగంటపాటు మట్టం రాయండి. ఎన్ని అడుగులు పెరిగిందో దాన్ని 6.5తో గుణిస్తే ఆ పది నిమిషాల్లో వచ్చిన లీటర్లు. ఆరుతో గుణిస్తే గంటకు ఊట.

ఇంకో పరీక్ష: మీ మోటారు పూర్తిగా ఆపి, దగ్గరలో ఉన్న పక్కవాళ్ళ బోరును రెండు గంటలు నడపమనండి. మీ మట్టం తగ్గితే రెండు బోర్లదీ ఒకటే పగులు. ఒకే సమయానికి కరెంటు రాగానే అయిదు మోటార్లు ఒక్కసారి మొదలైతే అందరికీ గాలే.

యాసంగి_లెక్క

తెలంగాణ వైపు నుంచి ఒక మాట. ఇక్కడ 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చినప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని సర్కారే చెప్పింది. కరెంటు ఉన్నంతసేపు మోటారు దానంతటదే నడిస్తే బోరు ఊట కంటే ఎక్కువ లాగుతది, మడి నిండి కాలువలోకి పోతది. మీకు పగటిపూట 9 గంటలే అయినా ఆటో స్టార్టర్ ఉంటే అదే నష్టం. గాలి కొట్టి ఆగిన మోటారును అది మళ్ళీ మళ్ళీ లేపుతది, నాలుగోసారి వైండింగ్ కాలుతది. దాని చోట డ్రై రన్ కటాఫ్ పెట్టుకోండి. అది నీళ్ళు తగ్గితే ఆపి, మీరు పెట్టిన టైముకే మళ్ళీ వేస్తది.

మా దగ్గర యాసంగి వరి పెట్టకుండా ఉండరు కాబట్టి ఒకటి చెప్తా. పెట్టక తప్పకపోతే మడిలో ఎప్పుడూ నీళ్ళు నిలబెట్టొద్దు. ఒక అడుగు పొడవు, నాలుగు ఇంచుల వెడల్పు పీవీసీ పైపుకు కింది సగం చిల్లులు పెట్టి మడిలో పాతాలె, లోపలి మట్టి తీసేయాలె. పైపులో నీళ్ళు నేల మట్టం నుంచి 15 సెంటీమీటర్లు దిగినంక మళ్ళీ 5 సెంటీమీటర్లు పెట్టాలె. నాటిన మొదటి పది, పదిహేను రోజులు, పూత సమయం మాత్రం ఆరబెట్టొద్దు. గట్లు గట్టిగ ఉండి నేల బరువుగ ఉంటే నాలుగో వంతు దాకా నీళ్ళు మిగులుతయి. ఎర్ర గరుసు నేలల మాత్రం అంత ఆశ పెట్టుకోవద్దు. నీళ్ళు అడుగుకు దిగిపోయి రోజు విడిచి రోజు పెట్టాల్సి వస్తది.

బండకింద_బావి

రబీ లెక్క రాస్తానన్నాను కదా. అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. బండ ప్రాంతాల్లో అందులో భూమిలోకి దిగి నీటి మట్టాన్ని చేరేది 5 నుంచి 11 శాతం. 8 శాతం అనుకుంటే 44 మిల్లీమీటర్లు. ఎకరంలో 1 మిల్లీమీటరు అంటే 4,047 లీటర్లు. కాబట్టి ఎకరానికి ఏడాదికి సుమారు 1 లక్షా 78 వేల లీటర్లు. మీ 5 ఎకరాలకు 9 లక్షలు.

ఖర్చు చూడండి. ఎకరం వరికి 1,200 మిల్లీమీటర్లు, అంటే 48 లక్షల లీటర్లు. నీటి మట్టం ఇంత లోతుగా ఉన్నప్పుడు మడిలోంచి తిరిగి కిందికి చేరేది అయిదో వంతుగా లెక్కగడతారు. అది తీసేసినా 38 లక్షలు. ఒక్క ఎకరం వరి 22 ఎకరాల ఏడాది ఊటను తాగేస్తుంది. సెనక్కాయకు ఎకరానికి 20 లక్షలు, స్ప్రింక్లర్లతో 15 దాకా తగ్గించవచ్చు. 220 చీనీ చెట్లకు జనవరి నుంచి జూన్ దాకా చెట్టుకు సగటున రోజుకు 100 లీటర్లు పెడితే 40 లక్షలు.

అంటే ఒక్క చీనీ తోటే మీ పొలంలో ఇంకే నీళ్ళకు నాలుగు రెట్లు మించి తాగుతోంది. ఇన్నాళ్ళూ ఎలా నడిచిందంటే, చుట్టూ వానాధారంగా ఉన్న పొలాలు, బీళ్ళు, వంక (వాగు) మీ బోరుకు నీళ్ళిచ్చాయి. ఆ భూముల్లోనూ బోర్లు పడ్డాక అందరూ ఒకే గిన్నెలో చెంచా వేస్తున్నారు. ప్రభుత్వ లెక్కల్లో ఏటా ఊరే నీళ్ళలో 70 శాతం లోపు తోడితే సురక్షితం, 90 దాటితే సంకటం, 100 దాటితే అతి వినియోగం. ఆ లెక్క మండలానికో గ్రామానికో వేసేది. ఒక వంక పరీవాహకం వరకు చూసుకుంటే ఇంకా దారుణంగా ఉండవచ్చు, లేదా మండలం ఎరుపు జాబితాలో ఉన్నా మీ వంక బాగానే ఉండవచ్చు.

గరుసు పొర ఎందుకంత త్వరగా నిండి, అంత త్వరగా ఖాళీ అవుతుందో కూడా ఇందులోనే ఉంది. గరుసులో మనకు పనికొచ్చే నీళ్ళు దాని పరిమాణంలో 2 శాతం. 44 మిల్లీమీటర్లు ఇంకితే మట్టం 2.2 మీటర్లు, అంటే 7 అడుగులు పెరుగుతుంది. ఒక మంచి వానకు బోర్లు లేచాయని సంతోషించి వరి నాటితే సంక్రాంతికే ఆ 7 అడుగులూ అయిపోతాయి.

ఎర్రనేల_కదిరి

కొలిచాను. ఉదయం మట్టం 212 అడుగులు. గాలి కొట్టి ఆపినప్పుడు 338. పది నిమిషాలకు 314, ఇరవైకి 297, ముప్పైకి 286. పక్కవాళ్ళ బోరు (సుమారు 120 మీటర్ల దూరం) రెండు గంటలు నడిపితే మా మట్టం 9 అడుగులు పడింది. మిగతా మూడు ఇంకా చూడలేదు.

మట్టం_కొలిచేవాడు

బాగా కొలిచారు. మొదటి పది నిమిషాల్లో 24 అడుగులు, 156 లీటర్లు, గంటకు 936. రెండో పదిలో 17 అడుగులు, గంటకు 660. మూడో పదిలో 11 అడుగులు, గంటకు 430. మట్టం పైకి వచ్చేకొద్దీ ఊట తగ్గుతోంది. ఇది మామూలే, నీళ్ళ ఎత్తు ఊటను వెనక్కి నెడుతుంది. మీకు అర్థం కావలసింది ఏమిటంటే, మట్టాన్ని 315 – 335 మధ్య నిలిపి ఉంచగలిగితే గంటకు 900 లీటర్లు నిరంతరం వస్తాయి. 9 గంటలకు 8,100. రాత్రి నిండే గొట్టం నీళ్ళు 800. మొత్తం రోజుకు 9,000 లీటర్ల దాకా.

ఇప్పుడు ఎలా నడుపుతున్నారు? 25 నిమిషాలు వేసి, గంటన్నర ఆపి. ఆ గంటన్నరలో చివరి గంట మట్టం పైన ఉండి ఊట బాగా తగ్గిపోతోంది. అంటే బోరు ఇవ్వగలిగిన దాంట్లో సగం కూడా తీయడం లేదు. మట్టాన్ని కిందే నిలిపి సన్నగా, ఆగకుండా తోడడమే లోతు పెంచకుండా నీళ్ళు పెంచుకునే మార్గం.

7.5 హెచ్‌పీ మోటారుకు గేటు వాల్వు బిగించి గంటకు 900 లీటర్లకు నొక్కవద్దు. అంత తక్కువ నీళ్ళు పారితే మోటారు చల్లబడదు, బేరింగ్ మీద ఒత్తిడి పడుతుంది. దాన్ని పైకి తీసి 2 హెచ్‌పీ నాలుగు ఇంచుల పంపు దించండి. షాపులో హెచ్‌పీ చెప్పి కొనకండి. 110 మీటర్ల ఎత్తుకు గంటకు 1,000 లీటర్లు ఇచ్చే పంపు కావాలని అడిగి, పంపు పట్టికలో ఆ రెండు అంకెలు ఒకే గడిలో ఉన్నాయో లేదో చూసి కొనండి. ఆరున్నర ఇంచుల బోరులో నాలుగు ఇంచుల మోటారు వేస్తే చుట్టూ ఖాళీ ఎక్కువ, నీళ్ళు మోటారును ఆనుకుని పారవు. అందుకని మోటారు చుట్టూ కూలింగ్ తొడుగు వేయించండి, ఆ తొడుగు కింద మాత్రమే తెరిచి ఉండాలి.

ఈ సన్నటి ధారతో డ్రిప్ నేరుగా నడవదు. చెట్టుకు 8 లీటర్ల డ్రిప్పర్లు 4 ఉంటే 220 చెట్లకు గంటకు 7,000 లీటర్లు కావాలి. కాబట్టి బోరు నీళ్ళు 10,000 లీటర్ల తొట్టిలో పడాలి, అక్కడి నుంచి 1 హెచ్‌పీ మోనోబ్లాక్ (నేల మీద పెట్టే పంపు)తో తోటను నాలుగు భాగాలు చేసి 55 చెట్ల చొప్పున పెట్టాలి. అప్పుడు గంటకు 1,760 లీటర్లు చాలు. తొట్టికి మూత తప్పనిసరి, ఎండ తగిలితే పాచి పట్టి ఫిల్టరు మూసుకుపోతుంది.

పక్క బోరుతో 9 అడుగుల తేడా వచ్చిందంటే మీరిద్దరూ మాట్లాడుకోవలసిందే. ఒకరు మొదటి నాలుగున్నర గంటలు, ఇంకొకరు తర్వాత. చిన్న పంపుతో రోజంతా నడపాలనుకుంటే ఇద్దరూ చిన్న పంపులే వేసుకోవాలి. ఒకరు 2 హెచ్‌పీ, ఒకరు 7.5 అయితే చిన్న పంపు వేసినవాడే మోసపోతాడు.

చీనీ_తోట_డాక్టర్

9,000 లీటర్లంటే చెట్టుకు 41. డిసెంబరు, జనవరికి సరిపోతుంది. ఏప్రిల్, మేలో 9 ఏళ్ళ చెట్టు 120 దాకా అడుగుతుంది, అప్పటికి ఊట ఇంకా తగ్గుతుంది కూడా. కాబట్టి వరి, సెనక్కాయ మాట మరిచిపోయి ఉన్నదంతా చెట్లకే ఉంచండి. జనవరిలో పూతకు వదలకండి. వస్తే రాల్చేయండి, ఎండాకాలంలో చెట్టు మీద కాయ ఉండకూడదు. జూన్ – జులై పూత మీద ఆధారపడండి. మార్చి మొదట్లోనే ఎండుకొమ్మలు, లోపలి కొమ్మలు కత్తిరించి ఆకు తగ్గించండి. పాదులో సెనక్కాయ పొట్టు 3 – 4 ఇంచులు పరవండి, మొదలుకు జానెడు దూరం వదలండి, ఆనించి పోస్తే బంక తెగులు వస్తుంది. చెదలు ఉన్న చోట పొట్టు వేసేముందు చూసుకోండి. 40 లీటర్లు రోజూ పెట్టే బదులు రోజు విడిచి రోజు 80 పెడితే వేరు లోతుకు తడుస్తుంది, ఆవిరయ్యేది తగ్గుతుంది. ఈ ఏడాది కాయ ఆశ వద్దు. చెట్టు నిలిస్తే చాలు.

బోరు నీళ్ళు తోడి బయలు కుంటలో నింపి ఎండాకాలానికి దాచుకోవచ్చని కొందరంటారు. వద్దు. అడుగున షీటు వేసినా పైనుంచి ఎండకు రోజుకు 8 మిల్లీమీటర్లకు మించి ఎగిరిపోతాయి.

బండకింద_బావి

మిగిలింది పాత బోరు. పొలం దిగువ మూలలో ఉందన్నారు కాబట్టి చోటు బాగుంది. ఖర్చు పెట్టేముందు ఒక ట్యాంకరు, 5,000 లీటర్లు, అందులో పోసి చూడండి. ఆ 260 అడుగుల గొట్టం మొత్తం పట్టేది 1,700 లీటర్లే. ట్యాంకరంతా ఖాళీ అయ్యాక అరగంటలో మట్టం బోరు అట్టడుగుకు జారిపోతే అది నీళ్ళు తీసుకునే బోరు. సగం పోయకముందే పైకి పొంగి గంటసేపు అలాగే నిలిస్తే దానికి గుంత తవ్వడం డబ్బు దండగ. పోసేటప్పుడు మీ పనిచేసే బోరులో మట్టం కూడా చూస్తుంటే రెండింటికీ సంబంధం ఉందో లేదో తెలిసిపోతుంది.

తీసుకుంటే: కేసింగ్ చుట్టూ 6 అడుగుల పొడవు, 6 వెడల్పు, 8 లోతు గుంత. గుంతలోపల ఉన్న కేసింగ్‌కు కింది 4 అడుగుల్లో మాత్రమే 5 మిల్లీమీటర్ల చిల్లులు, 2 ఇంచులకు ఒకటి. దానిమీద నైలాన్ జాలి రెండు చుట్లు, పైన కొబ్బరి తాడు. అడుగున 3 అడుగులు పెద్దరాళ్ళు, ఆపైన 2 అడుగులు 40 మిల్లీమీటర్ల కంకర, అడుగున్నర 20 మిల్లీమీటర్లది, ఒక అడుగు ఇసుక. పై అర అడుగు ఖాళీ. మొత్తం మూడు ట్రాక్టరు ట్రాలీల పని. కేసింగ్ నోరు నేలకంటే రెండడుగులు పైన ఉండి మూత బిగించి ఉండాలి. మట్టి నీళ్ళు నేరుగా గొట్టంలోకి పోతే ఒక్క వానకే పగుళ్ళు పూడుకుపోతాయి.

గుంత కంటే ముఖ్యమైనది దాని ముందు కుంట. 2 ఎకరాల మీద 40 మిల్లీమీటర్ల వాన పడి అయిదో వంతు పారితే 65,000 లీటర్లు. గుంతలో రాళ్ళు పోగా ఖాళీ 3,000 లీటర్ల చిల్లరే. నీళ్ళను ఆపి, మన్ను దిగేలా చేసి, తేరినవి గుంతలోకి వదలడానికి ఎగువన 10 మీటర్ల పొడవు, 10 వెడల్పు, ఒకటిన్నర మీటరు లోతు కుంట ఉండాలి. కుంట తూము అడుగున పెట్టకండి, అడుగు నుంచి ఒకటిన్నర అడుగు పైన పెట్టండి. ఏటా జూన్‌కు ముందు పై ఇసుక పొర మార్చాలి, ఇది చేయకపోతే మూడో ఏడాదికి గుంత పాడైపోతుంది. పశువుల కొట్టం నీళ్ళు, మందు కొట్టిన చేను నీళ్ళు ఇటు రానివ్వకండి.

పనిచేస్తున్న బోరుకు మాత్రం ఎవరు చెప్పినా చిల్లులు పెట్టవద్దు.

ఒకవేళ పాత బోరు నీళ్ళు తీసుకోకపోతే వదిలేయకుండా అడుగు నుంచి రాళ్ళు, మట్టితో నేల దాకా పూడ్చేయండి. పిల్లలు పడిపోయే ప్రమాదం గురించి 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా ఉన్నది ఇదే.

వంక_సంఘం

ఒక బోరు లెక్క ఒక రైతు వేస్తే చాలదు. ఉమ్మడి రాష్ట్రంలో ఏడు కరువు జిల్లాల్లో ఏపీఎఫ్ఏఎంజీఎస్ (రైతులే భూగర్భజలాలను చూసుకునే పద్ధతి) అని ఒక పథకం నడిచింది, అనంతపురం కూడా అందులో ఉంది. రైతులే వానమాపకం చూసేవారు, 15 రోజులకోసారి బోర్ల మట్టం రాసేవారు, రబీకి ముందు అందరూ కూర్చుని ఉన్న నీళ్ళెన్ని, అనుకున్న పంటలకు కావలసినవి ఎన్ని అని గోడ మీద లెక్క వేసేవారు. ఎవరినీ వరి వేయవద్దని చెప్పేవారు కాదు. లోటు అంకె కళ్ళముందు ఉంటే ఎవరికి వారే మడి తగ్గించుకునేవారు. ఎర్రనేల గారు ఇప్పుడు కొలిచింది ఆ పనిలో సగం. మిగతా నాలుగు బోర్లకూ ఇదే వైరుతో ఇదే పరీక్ష చేస్తే మీ వంకకు ఒక పట్టిక వస్తుంది.

కొత్త బోరు ఆలోచన ఉంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం చూసుకోండి. అనుమతి లేకుండా వేయకూడదు, ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు అసలు కుదరదు.

ఎర్రనేల_కదిరి

రబీ విత్తనం వాపసు ఇచ్చేస్తున్నాం. పంపు అడిగితే షాపులో 3 హెచ్‌పీ కన్నా తక్కువ వద్దంటున్నారు, గంటకు 2,500 లీటర్లు ఇస్తుందట. తీసుకోవచ్చా?

మట్టం_కొలిచేవాడు

వద్దు. 2,500 లాగితే మళ్ళీ అరగంటకు గాలే. తప్పనిసరిగా అదే తీసుకోవలసివస్తే పైన టీ (మూడు దారుల జాయింటు) బిగించి, ఒక వాల్వుతో 1,500 లీటర్లు తిరిగి బోరులోకే వదిలే పైపు పెట్టండి. కరెంటు దండగే గాని మోటారు కాలదు, మట్టం నిలకడగా ఉంటుంది. ఆ తిరుగు పైపు కొస మోటారు దాకా దించకండి, 250 అడుగుల దగ్గర ఆపండి, లేకపోతే గాలి బుడగలు పంపులోకి వస్తాయి. ముందు ఇంకో రెండు షాపుల్లో పట్టిక చూడండి.

ఎర్రనేల_కదిరి

సరే. ట్యాంకరు ఎల్లుండి వస్తుంది, పాత బోరు అంకెలు ఇక్కడే పెడతాను.